దెస్సీ బడిలో నా తోటి అయ్యవార్లు

ఆ కందికట్టె ఇంకొంచెం లోపలికి తొయ్యి పాపా. పొగ నీ మొగానికే కొడతాంటే ఇట్ల నా పక్కకొచ్చి కూసో. మాల్దీవుల్లో నీకు ఇంగ్లీషు టీచరు ఉద్యోగం వచ్చిందని తెలిసినప్పటి నుంచి చూస్తాండా, నీకు సంతోషం ఎంత ఉందో దిగులూ అంతే ఉంది. పాఠం చెప్పేదానికి నీకు భయం లేదని నాకు తెలుసు. ఆ స్టాఫ్‌రూములో ఎట్లాంటోళ్లు ఉంటారో, వాళ్లతో ఎట్ల కలిసేదో అనే గదా? నాకూ అదే దిగులు ఉండె. 1971లో నేను ఇథియోపియాకు పోయేటప్పుడు నాకు ఇరవై తొమ్మిదేండ్లు. మీ నాయన అప్పటికి ఉయ్యాల్లో ఉండాడు. ఈ కథ మీ జేజికి అంతా తెలుసు, మీ నాయనకు సగం తెలుసు, నీకు మాత్రం ఎవరూ సరిగ్గా చెప్పలేదు.

అప్పటికి మన కణేకల్‌కు హెచ్చెల్సీ కాలువ వచ్చిండె. తుంగభద్ర నీళ్లు చెరువులోకి దిగినాక కాలువ కింద మడులు ఉన్నోళ్లు వరి వేసుకొని కాస్త తేరుకున్నారు. మన చేన్లు మెరక మీద, అందులోనూ హగరి వైపు. ఎండాకాలం గాలి లేచిందంటే ఏట్లో ఇసుకంతా వచ్చి చేన్ల మీద పడతాండె. ఒక్కో ఏడు గట్టు యాడుందో వెతుక్కోవల్ల. బొమ్మనహాళ్ దోవలో ఆ ఇసుక దిబ్బలు నువ్వూ చూసినావు. జైసల్మేరు తర్వాత దేశంలో వాన తక్కువ పడే జిల్లా మనదే అంటారు, అంతకన్న ఏం చెప్పాల? నేనేమో అనంతపురం ఆర్ట్స్ కాలేజీలో బీఏ, తిరుపతిలో ఎమ్మే ఇంగ్లీషు చదివి హైస్కూల్లో పని చేస్తాంటిని. రాధాకృష్ణన్ పంతులు పాఠాలు చెప్పిన కాలేజీ అని ఆ ఆర్ట్స్ కాలేజీ అంటే మాకు శానా గొప్ప. గొప్ప ఉండె గానీ చెల్లెండ్ల పెండ్లిండ్లకు చేసిన అప్పు తీరే దారి లేకుండె.

ఇథియోపియా విద్యాశాఖ వాళ్లు అయ్యవార్లు కావాలని పేపర్లో ప్రకటన వేసినారు. మద్రాసుకు పోయి ఇంటర్వ్యూలో కూర్చున్నా, వచ్చింది. మా నాయనకు బడి అట్లాసు తెచ్చి చూపిస్తే అందులో ఇంకా అబిసీనియా అనే ఉంది. ఆయన ఆ పటం మీద శానాసేపు వేలు పెట్టుకొని కూర్చున్నాడు. "ఆడ వానలు పడతాయా?" అని ఒక్క మాట అడిగినాడు. పడతాయంట అన్నా. "అయితే పో" అన్నాడు. రాయదుర్గం నుంచి బళ్లారి, గుంతకల్లు, ఆడ నుంచి బొంబాయి రైలు, ఆ తర్వాత విమానం. ప్రయాణం సంగతి అంతే, దాన్ని లాగేదేం లేదు.

ఆ దేశానికి మన అయ్యవార్లు ఎందుకు కావాల్సి వచ్చిందో చెప్తా. ఇటలీ వాళ్లు 1936 నుంచి 1941 దాకా ఆ దేశాన్ని ఆక్రమించుకొని ఉండ్రి. చదువుకున్న యువకులను ఏరి ఏరి చంపినారు. వాళ్లు పోయినాక హైలే సెలాసీ చక్రవర్తి మళ్లా బడులు పెట్టించినాడు. చాలా ఏండ్లు విద్యాశాఖను తన చేతిలోనే పెట్టుకున్నాడంటే చూడు. ఏడో తరగతి నుంచి పాఠాలన్నీ ఇంగ్లీషులోనే. చెప్పేదానికి మనుషులు లేరు. అందుకే మన దేశం నుంచి పిలిపించుకున్నారు. వచ్చినోళ్లలో ఎక్కువ మంది కేరళ వాళ్లే, కొట్టాయం, తిరువల్ల పక్క వాళ్లు. 1962 నుంచి అమెరికా పీస్ కోర్ పిల్లోళ్లు కూడా వచ్చి పాఠాలు చెప్తాండ్రి. ఆ దేశంలో ఏ మూల ఊర్లో హైస్కూలుకు పోయినా ఒక మలయాళీ మాస్టారు కనపడతాండె.

నన్ను వేసింది దెస్సీ అనే ఊరికి. అడిస్ అబాబాకు ఉత్తరాన నాలుగు వందల కిలోమీటర్లు, అప్పటి వొల్లో రాష్ట్రానికి అదే పెద్ద ఊరు. ఇటలీ వాళ్లు వేసిన రోడ్డు, మధ్యలో తెర్మాబెర్ అనే కొండకు తొలిచిన సొరంగం, ఒక పక్క లోయ. దెస్సీ ఎనిమిది వేల అడుగుల ఎత్తులో ఉంది. ఊరంతా నీలగిరి చెట్లు, రేకుల ఇండ్లు, పైన తోసా కొండ. సాయంత్రం నాలుగైతే చలి. కురుబోళ్ల దగ్గర నేయించుకున్న కంబళి మా అమ్మ బలవంతంగా పెట్టెలో పెట్టింది. దాన్ని కప్పుకొని బజారుకు పోతే ఆడోళ్లు ఆగి నేత పట్టుకొని చూస్తాండ్రి. వాళ్లదీ నేతల దేశమే. గాబి అని నాలుగు పొరల నూలు దుప్పటి కప్పుకుంటారు.

ఇంక స్టాఫ్‌రూము. ఒక పొడుగు బల్ల, రెండు పక్కలా బెంచీలు, కిటికీ దగ్గర బొగ్గుల కుంపటి. బల్లకు ఆ కొసన మలయాళీ మాస్టార్లు నలుగురు, వాళ్ల ఫ్లాస్కు, వాళ్ల మాటలు. ఈ కొసన పీస్ కోర్ పిల్లోళ్లు ఇద్దరు. కిటికీ పక్కన ఆ ఊరి అయ్యవార్లు. ఎవరూ ఎవరితో గొడవ పడరు. పొద్దున చేతులు కలిపి, ఎవరి బెంచీకి వాళ్లు పోతారు. నేను ఏ బెంచీకీ చెందనోణ్ణి. మలయాళీలకు నేను మద్రాసు పక్కోణ్ణే, అయినా వాళ్ల భాష రాదు. నాకు తెలుగులో మాట్లాడేదానికి ఆ ఊర్లో ఒక పురుగు లేదు. మొదటి నెల రాత్రిళ్లు మీ జేజికి జాబులు రాస్తా కూర్చుంటి.

నన్ను ముందు కలుపుకుంది అమ్హారిక్ అయ్యవారు. ఆయన కింది తరగతులకు వాళ్ల భాష అమ్హారిక్, తొమ్మిది పదికి ఇంగ్లీషు చెప్తాండె. నా వయసే. సన్నగా, పొడుగ్గా, మాట శానా మెల్లగా. ఒకరోజు బడి వెనక చర్చి అరుగు మీద చిన్నపిల్లోళ్లు అక్షరాలు వల్లిస్తాంటే నిలబడి విన్నా. "హ, హు, హి, హా, హే, హ్, హొ". తర్వాత "ల, లు, లి, లా". పాపా, అది గుణింతం! ముప్పై మూడు అక్షరాలు, ఒక్కోదానికి ఏడు రూపాలు, రాగం కూడా మన వీధిబడి రాగమే. నేను స్టాఫ్‌రూముకు పోయి నల్లబల్ల మీద క గుణింతం అంతా రాసి, ఆయనకు చదివి వినిపించినా. ఆయన సుద్దముక్క తీసుకొని దాని కిందనే వాళ్ల గుణింతం రాసినాడు. బెల్లు కొట్టినా ఇద్దరం కదల్లేదు. ఆ రోజు నుంచి ఆయన నాకు అక్షరాలు దిద్దించినాడు. మూడు నెలల్లో బజారు బోర్డులు చదువుకుంటాంటి. అంగడోళ్లు సగం ధరకు సామాను ఇస్తాండ్రి, పరదేశీ వాళ్ల అక్షరాలు చదువుతాడని అంత సంతోషం వాళ్లకు.

ఆ దేశంలో గంటలు పొద్దు పుట్టినప్పటి నుంచి లెక్క పెడతారు. మన ఎనిమిది వాళ్లకు రెండు. బడి రెండు గంటలకు మొదలు. అమెరికా పిల్లోళ్లు దాంతో తిప్పలు పడిరి. మా ఇంట్లో మా అవ్వ పొద్దు పొడిచింది మొదలు జాముల్లోనే లెక్క చెప్తాండె గాబట్టి నాకు తేలికగానే ఉండె. ఏడాదికి పదమూడు నెలలు వాళ్లకు. పన్నెండు ముప్పై రోజులవి, పదమూడోది ఐదు రోజులదో ఆరు రోజులదో. ఆ చిన్న నెలకు జీతం లేదని అందరూ కలిసి నవ్వుకుంటాంటిమి. నేను పోయింది మన లెక్కకు 1971, వాళ్ల లెక్కకు 1963 ముగుస్తాంది.

బెంచీలు కలిసింది కాంపోజిషన్ నోట్ల దగ్గర. ఒక్కో సెక్షన్‌లో అరవై డెబ్బై మంది పిల్లలు. వారానికి ఒక కాంపోజిషన్ రాయించల్లని పై వాళ్ల ఆర్డరు. ఒక్కరే దిద్దుకుంటా పోతే తెల్లారతాది. రాత్రి కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. అందుకని శుక్రవారం సాయంత్రం ఇంగ్లీషు చెప్పేవాళ్లమంతా బల్ల మధ్యలో నోట్లు పోసి, కుంపటి ముందర పెట్టుకొని కలిసి దిద్దేది మొదలుపెట్టినాం. నేను, అమ్హారిక్ అయ్యవారు, మలయాళీల్లో తిరువల్ల నుంచి వచ్చిన మాస్టారు, ఒక అమెరికా పిల్లోడు. ఆ పిల్లోనికి ఇరవై మూడేండ్లు. చదివింది చరిత్ర, వచ్చింది ఇంగ్లీషు చెప్పేదానికి.

మొదట కొట్లాట స్పెల్లింగుల మీద. 'కలర్'లో యు ఉండల్లని మేము, వద్దని వాడు. 'ప్రోగ్రామ్'కు చివర ఎమ్ ఒకటా రెండా? తిరువల్ల మాస్టారు రెన్ అండ్ మార్టిన్ తీసి బల్ల మీద పెడితే, వాడు వాళ్ల వెబ్‌స్టర్ డిక్షనరీ తెచ్చి దాని పక్కన పెట్టినాడు. చివరికి అమ్హారిక్ అయ్యవారే తీర్పు చెప్పినాడు. పిల్లోడు ఒక పద్ధతి పట్టుకొని కడదాకా అదే రాస్తే రెండూ రైటే, మధ్యలో మారిస్తే తప్పు. దానికి అందరం ఒప్పుకున్నాం.

ఆర్టికల్స్ దగ్గర ఇంకో సంగతి. 'ఎ', 'ది' యాడ పెట్టల్ల, యాడ పెట్టకూడదు అనేది మన తెలుగోళ్లకు కష్టం. అమ్హారిక్ వాళ్లకూ అంతే. మేమిద్దరం సూత్రాలు బట్టీ పట్టి నేర్చుకున్నోళ్లం. అమెరికా పిల్లోనికి ఒక్క సూత్రం రాదు, చెవిలో మటుకు తప్పు పట్టేసేది ఉంది. మాకు అనుమానం వస్తే వాక్యం పైకి చదివి వాని మొగం చూస్తాంటిమి. ముక్కు ముడుచుకున్నాడంటే తప్పే. అయితే పిల్లలు ఎందుకు తప్పు అని అడిగినప్పుడు వాడు మా దగ్గరికి పరిగెత్తుకొని వస్తాండె. నేను వానికి హార్న్‌బీ డిక్షనరీలో చూసేది నేర్పించినా, లెక్కపెట్టే నామవాచకాలకు ఒక గుర్తు, లెక్కపెట్టలేనివాటికి ఒక గుర్తు. పుట్టుకతో ఇంగ్లీషు వచ్చినోడు, కణేకల్ వాని దగ్గర ఇంగ్లీషు వ్యాకరణం నేర్చుకున్నాడు. వాడు ఆ మాట వాళ్ల అమ్మకు జాబులో రాసి, నాకు చదివి వినిపించినాడు. వీడు మనోడే అని నాకు ఆరోజు అనిపించింది.

తిండి సంగతి విను ఇప్పుడు. సెల్లు పక్కన పెట్టు పాపా, ఇది ముఖ్యం. ఆడ అందరూ ఒకే పళ్లెంలో తింటారు. ఇంజెరా అని, తెఫ్ అనే గింజ పిండిని రెండు మూడు దినాలు పులియబెట్టి కాల్చేది. తెఫ్ మన రాగుల కన్నా సన్నం. వెడల్పాటి పళ్లెం నిండా ఇంజెరా పరిచి, మధ్యలో కూరలు పోసి, చుట్టూ కూర్చొని చేత్తో తుంచుకొని తింటారు. మన ఇంట్లో మాంసం ముట్టరని నీకు తెలుసు. తిరువల్ల మాస్టారు అన్నీ తింటాడు. చరిత్ర చెప్పే అయ్యవారు ముస్లిం. వొల్లోలో సగం మంది ముస్లింలే. ఆ దేశంలో క్రైస్తవులు కోసిన మాంసం ముస్లింలు తినరు, ముస్లింలు కోసింది క్రైస్తవులు తినరు. వాళ్లూ వీళ్లూ వియ్యం అందుకున్నా మాంసం వంట మాత్రం వేరే. ఇంక ఏ పళ్లెం చుట్టూ అందరం కూర్చునేది?

బుధవారం, శుక్రవారం వాళ్ల క్రైస్తవులకు ఉపవాసం. మధ్యాహ్నం మూడు దాకా ఏమీ ముట్టరు. ఆ తర్వాత కూడా మాంసం, పాలు, నెయ్యి, గుడ్డు ఏవీ ఉండవు. శెనగపిండితో చేసే షిరో, మసూరు పప్పు, గోమెన్ అనే ఆకుకూర. ఆ దినాల్లో ముస్లిం అయ్యవారికి అడ్డం లేదు, నాకు అడ్డం లేదు, అమ్హారిక్ అయ్యవారికి సరేసరి. తిరువల్ల మాస్టారు మలంకర ఆర్థడాక్స్ సంఘం వాడు. వాళ్ల సంఘమూ ఇథియోపియా సంఘమూ ఒకే కుదురువి, 1965లో హైలే సెలాసీ ఆ సంఘాల పెద్దలందర్నీ అడిస్ అబాబాకు పిలిపించి సభ జరిపించినాడు. ఆయనా ఆ ఉపవాసాలు పట్టినోడే. అట్ల ఉపవాసం దినం వంటే మా అందరికీ విందు అయ్యింది. శుక్రవారం నోట్లు దిద్దినాక అమ్హారిక్ అయ్యవారి ఇంటికి పోతాంటిమి. వాళ్లమ్మ చేసే షిరో వాసన వీధి మలుపులోకే వస్తాండె. బెర్బెరె కారం, మన మిరపకారానికి తీసిపోదు.

మొదటిసారి ఆ అమ్మ ఒక ముద్ద చుట్టి, చేయి చాపి నా నోట్లో పెట్టబోయింది. గుర్షా అంటారు దాన్ని. పెట్టించుకోకపోతే ఆ ఇంటికి అవమానం. పాపా, మా కాలంలో ఎంగిలి అంటే ఎట్లుండేదో నీకు తెలియదు. మా అమ్మ నాకు ఏడేండ్లు వచ్చినాక నా పళ్లెంలో చేయి పెట్టలేదు. రాయదుర్గం బస్టాండు కాడ కాపీ హోటల్లో కొందరికి గాజు గ్లాసు, కొందరికి బయట గూట్లో వేరే గ్లాసు. అట్లాంటి ఊరి నుంచి పోయినోణ్ణి నేను. నోరు తెరిచినా. ఆమె వేళ్లు నా పెదాలకు తగిలినాయి. తర్వాత ఆమె తిరువల్ల మాస్టారుకు పెట్టింది, ముస్లిం అయ్యవారికి పెట్టింది, అమెరికా పిల్లోనికి పెట్టింది. ఆపైన కాఫీ. పచ్చి గింజలు మా ముందరే వేయించి, దంచి, మూడు దఫాలు కాచి పోసింది. అబోల్, తోనా, బరకా అని ఒక్కో దఫాకు ఒక్కో పేరు. మూడోది తాగకుండా లేచి పోకూడదు. దాంతో ఎట్ల లేదన్నా రెండు గంటలు కూర్చోవాల. మనుషులు ఆ రెండు గంటల్లోనే ఒకరికొకరు తెలుస్తాండ్రి.

ఆ ఇంట్లో నేనూ వంట చేసినా. వొల్లో పల్లంలో జొన్న పండుతాది. పిండి తెచ్చి, వేణ్నీళ్లు పోసి పిసికి, చేత్తో రొట్టె తట్టి వాళ్ల పెద్ద పెనం మీద వేసినా. మా అమ్మ పంపిన చెనక్కాయల పొడి పక్కన పెట్టినా. ఆ అమ్మ రొట్టె తట్టే చప్పుడు విని పిలిచి పక్కింటోళ్లకు చూపించింది.

1973లో కరువు వచ్చె. రెండేండ్లుగా వానలు సరిగ్గా లేవు. మేము ఊర్లో ఉంటిమి గాబట్టి తొలుత తెలియలేదు. ముందు కాంపోజిషన్ నోట్లలో తెలిసింది. 'మై ఫ్యామిలీ' అని రాయమంటే తొమ్మిదో తరగతి పిల్లోడు ఒకడు రాసినాడు, "మై ఫాదర్ హ్యాస్ టూ ఆక్స్. నౌ హీ హ్యాస్ నో ఆక్స్. మై సిస్టర్ ఈజ్ గో టు రోడ్." ఆ నోటు అమెరికా పిల్లోని చేతికి వచ్చింది. వాడు ఎర్ర పెన్ను కింద పెట్టేసినాడు. దీన్ని నేను దిద్దలేను అన్నాడు. ఎవరూ మాట్లాడలేదు. అమ్హారిక్ అయ్యవారు నోటు తీసుకొని, 'హ్యాడ్' అని, 'ఆక్సెన్' అని, 'హ్యాస్ గాన్' అని పద్ధతిగా దిద్దినాడు. "వీడు పన్నెండో తరగతి పరీక్ష పాస్ కావాల, అప్పుడే ఆ ఇంట్లో ఒకడన్నా నిలబడతాడు" అన్నాడు. మార్కులు వేసి, పొద్దున్నే ఆ పిల్లోణ్ణి వెతుక్కుంటా పోయినాడు.

తర్వాత రోడ్డంతా మనుషులే. ఉత్తరం నుంచి, కోబో పక్క నుంచి నడిచి వచ్చినారు. చర్చి ప్రహరీల కింద, మసీదు అరుగుల మీద కూర్చుండ్రి. ప్రభుత్వం కరువు లేదన్నట్టే నెలల తరబడి ఉన్నింది. ఆ అక్టోబరులో జొనాథన్ డింబుల్‌బీ అనే ఇంగ్లాండు విలేకరి తీసిన సినిమా లండన్‌లో టీవీలో వేసినాకనే లోకానికి తెలిసింది. మాకు కళ్ల ముందర కనపడతాండె. స్టాఫ్‌రూములో జీతం నుంచి తలా కొంత వేసినాం. బెంచీ తేడా లేకుండా వేసినారు. డబ్బుల్తో ఇంజెరా కొని పంచుదామన్నారు. నేను వద్దన్నా. 1952లో మన రాయలసీమ కరువులో, రాజాజీ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, గంజి కేంద్రాలు పెట్టినారు. పదేండ్లోణ్ణి, ఇత్తడి చెంబు పట్టుకొని ఆ వరుసలో నిలబడినా. శానా దినాలు కడుపు మాడినోనికి ఒకేసారి గట్టి తిండి పెడితే ప్రాణం మీదికి వస్తాదని మా పెద్దోళ్లు అప్పుడు చెప్తాండ్రి. పలచగా గంజి, ఉప్పేసి, కొంచెం కొంచెంగా, ఒక గంట ఆగి మళ్లా కొంచెం. ఆ మాట చెప్తే అందరూ నా పక్కే చూసినారు. నువ్వా? గంజి వరుసలోనా? అని తిరువల్ల మాస్టారు అడిగినాడు. అవునన్నా. అంతవరకు మన దేశపు అయ్యవార్లు ఉన్నోళ్లని ఆ ఊరి వాళ్లకు ఒక లెక్క ఉండె. ఆ రోజుతో అది పోయింది. బార్లీ పిండితో గంజి కాచినాం, మసీదు వెనక. చరిత్ర అయ్యవారు కట్టెలు తెచ్చినాడు, మలయాళీ మాస్టార్లు వంతులేసుకొని కలిపినారు. నేను గరిటె పట్టినా. అందరికీ అందలేదు. శానా మంది ఆ గోడల కిందనే పోయినారు. ఆ లెక్క ఈరోజుకీ ఒక్కొక్కరు ఒక్కో తీరుగా చెప్తారు.

1974 ఫిబ్రవరి 18న ఆ దేశంలో అయ్యవార్లంతా సమ్మె చేసినారు. ప్రభుత్వం చదువుల పద్ధతి మారుస్తామని ఒక నివేదిక తెచ్చింది. పేదపిల్లలు నాలుగో తరగతితోనే ఆగిపోతారని అయ్యవార్ల భయం. అదే రోజు అడిస్ అబాబాలో పెట్రోలు ధర మీద టాక్సీలోళ్లూ బండ్లు ఆపేసినారు. మేము కాంట్రాక్టు మీద పోయినోళ్లం. సమ్మెలో చేరితే పంపించేస్తారు, పాఠం చెప్తే తోటోళ్లకు ద్రోహం. అమ్హారిక్ అయ్యవారే వచ్చి, "మీరు సంతకం పెట్టి స్టాఫ్‌రూములో కూర్చోండి, క్లాసుకు పోవద్దు, అంతే చాలు. మిమ్మల్ని పంపించేస్తే రేపు పరీక్ష పేపర్లు దిద్దేదెవరు?" అన్నాడు. అట్లే కూర్చున్నాం. ప్రభుత్వం ఆ నివేదికను పక్కన పెట్టింది. ఆ రోజుల్లోనే బయట పిల్లోళ్లు 'మెరేత్ ల అరాషు' అని కేకలేస్తా పోతాండ్రి. ఏమని అడిగితే, దున్నేవానికే భూమి అని అమ్హారిక్ అయ్యవారు చెప్పినాడు. నేను మన తరిమెల నాగిరెడ్డి గురించి చెప్పినా, భూస్వామి ఇంట పుట్టి, అదే మాట పట్టుకొని 1969లో శాసనసభకే రాజీనామా ఇచ్చి పోయినాడని. ఆ పేరు ఆయన వాళ్ల అక్షరాల్లో నోటు పుస్తకంలో రాసుకున్నాడు.

సెప్టెంబరు 11 వాళ్ల సంవత్సరాది. ఆ రాత్రి టీవీలో ఆ కరువు సినిమా వేసినారంట, మధ్యమధ్యలో రాజుగారి విందులు చూపించినారంట. మరునాడు పొద్దున సైన్యం వాళ్లు చక్రవర్తిని ఫోక్స్‌వాగన్ కారులో ఎక్కించుకొని పోయినారు. స్టాఫ్‌రూములో కొందరు నవ్వినారు, ఒక ముసలి అయ్యవారు ఏడ్చినాడు. ఆయన్ను ఎవరూ ఏమీ అనలేదు.

ఆ డిసెంబరులో జెమెచా అని పెట్టినారు. పదకొండు, పన్నెండు తరగతుల పిల్లోళ్లు, కాలేజీ వాళ్లు, అయ్యవార్లు, అరవై వేల మందిని పల్లెలకు పంపించినారు, రైతులకు చదువు చెప్పల్లని, భూమి పంచేది వివరించల్లని. అమ్హారిక్ అయ్యవారు ఖాకీ గుడ్డలేసుకొని స్టాఫ్‌రూముకు వచ్చినాడు. తన పదో తరగతి నోట్లు నా ముందర పెట్టినాడు. ఎవడు దేంట్లో వెనకబడి ఉండాడో ఒక కాగితంలో రాసిచ్చినాడు. లారీ ఎక్కేటప్పుడు నేను అడిగినా, భయం లేదా అని. వాళ్ల ఊర్లలో భూమి రైతులకు వచ్చేది చూడల్లని పోతాండా అన్నాడు. 1975 మార్చి 4న పల్లెల్లో భూమంతా జాతిది అని చట్టం వచ్చె. ఆయన యాడో కొండల మధ్య అది చదివి వినిపిస్తాంటాడని మేము అనుకుంటిమి.

పై తరగతులు ఖాళీ. జూలైలో నా కాంట్రాక్టు అయిపోయింది, మా నాయనకు జబ్బు అని తంతి వచ్చె. అమ్హారిక్ అయ్యవారి అమ్మకు చెప్పి వచ్చినా, ఆయనకు చెప్పలేకపోయినా. తిరువల్ల మాస్టారు తర్వాత నైజీరియాకు పోయె. అమెరికా పిల్లోడు వాళ్ల ఊరికి పోయి మళ్లా కాలేజీలో చేరి ఇంగ్లీషే చదివినాడు. వాళ్లిద్దరి జాబులూ వస్తాండె. అమ్హారిక్ అయ్యవారివి రెండేండ్లు వచ్చి ఆగిపోయినాయి. 1977, 78లో ఆడ రెడ్ టెర్రర్ అని చదువుకున్న పిల్లలను వీధుల్లోనే కాల్చి చంపుతాండ్రని హిందూ పేపర్లో చదివి నేను అనుకోరానిదే అనుకున్నా. మన హైస్కూల్లో మళ్లా చేరినాక అయ్యవార్లంతా మధ్యాహ్నం ఒకే బల్ల కాడ, డబ్బాలు మధ్యలో పెట్టుకొని తినల్లని నేను పట్టు పట్టింది ఆ దెస్సీ బల్లను తలుచుకొనే. కొందరు ఒక ఏడు దూరం కూర్చున్నారు, తర్వాత వచ్చినారు.

2009లో వైజాగ్ నుంచి ఫోను వచ్చె. అప్పుడు ఇథియోపియా ప్రభుత్వం కొత్త యూనివర్సిటీలు పెడతా, తమ లెక్చరర్లను పీహెచ్‌డీలకు ఆంధ్రా యూనివర్సిటీకి పంపిస్తాండె. ఫోను చేసినోడు అమ్హారిక్ అయ్యవారి కొడుకు. కణేకల్ పోస్టు, రాయదుర్గం తాలూకా, అనంతపురం జిల్లా అని వాళ్ల నాయన పాత నోటు పుస్తకంలో ఉన్న అడ్రసు పట్టుకొని వెతికినాడు. రైలెక్కి గుంతకల్లులో దిగి, బళ్లారి మీదుగా బస్సులో వచ్చినాడు. నీకు గుర్తుండాల, నువ్వు రెండో తరగతి. ఆయన జుట్టు పట్టుకొని చూస్తానని మారాం చేస్తివి. మీ జేజి జొన్నరొట్టె, ఊరిబిండి పెట్టింది. ఆ పిల్లోడు తిని, వాళ్లవ్వ చెప్తాండె ఈ రొట్టె గురించి అన్నాడు. వాళ్ల నాయన జెమెచా నుంచి తిరిగొచ్చినాక కొన్నేండ్లు జైల్లో ఉన్నాడంట. బయటికి వచ్చి, అదే దెస్సీలో పాఠాలు చెప్పి రిటైర్ అయినాడు. చరిత్ర అయ్యవారు మాత్రం 1977లో ఇంటి నుంచి పోయి మళ్లా రాలేదంట.

ఆ రాత్రే దెస్సీకి ఫోను కలిపినాడు. ముప్పై నాలుగేండ్ల తర్వాత ఆ మెల్లని గొంతు. నేను అమ్హారిక్‌లో క్షేమం అడిగినా, ఆయన తెలుగులో 'బాగుండా' అన్నాడు, నేను నేర్పించిందే. వాళ్లమ్మ పోయి పదేండ్లయిందన్నాడు. తనకు చూపు మందగించి కొడుకు రాసేది చదవలేకపోతాండానన్నాడు. "వాని థీసిస్ నువ్వు చూడు. విషయం బాగానే ఉంటాది, ఆర్టికల్స్ దగ్గరే తేలిపోతాడు" అన్నాడు. పొద్దున ఆ పిల్లోడు బ్యాగులో నుంచి మొదటి చాప్టరు తీసిచ్చినాడు. ఆయన చెప్పింది నిజమే, పేజీకి పది చోట్ల 'ది' లేదు. నేను దిద్ది వైజాగ్‌కు పోస్టు చేసినా. మిగతా చాప్టర్లు ఒకటొకటే వచ్చినాయి, అన్నీ దిద్దినా. అనుమానం వచ్చిన వాక్యాలు వేరే కాగితంలో రాసి, అమెరికా పిల్లోనికి పంపించి అడిగినా. వాడూ ముసిలోడైనాడు గానీ, జవాబు వారంలో వచ్చె.